మూడు ఆటల జరిమానా

మొదటి రోజు, బోజౌ

మా బావది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం. ముప్పై ఏళ్లుగా ఆయనకు తెల్లారేది మిర్చి బస్తాల మధ్యే, కాంటా పక్కనే. చైనాకు పోదాం రమ్మంటే ముందు నమ్మలేదు. "గోడ చూడనీకి అంత దూరమెందుకురా?" అన్నాడు. గోడ కాదు బావా, మన అడ్తివాళ్లలాంటోళ్లు మూడొందల ఏళ్ల కింద కట్టుకున్న భవనాలు చూద్దామన్నాను. అప్పుడు సంచీ సర్దుకున్నాడు.

చైనీయులు వాటిని హుయ్‌గ్వాన్ అంటారు. సొంతూరు వదిలి పరాయి ఊళ్లో వ్యాపారం చేసుకునేవాళ్లు చందాలేసుకుని కట్టుకున్న సంఘం ఇల్లు. అందులో గుడి, గుడికెదురుగా నాటకాలాడే వేదిక, కూర్చుని తగాదాలు తీర్చుకునే మండువా, తమ ఊరివాడు దిగితే తలదాచుకునే గదులు ఉంటాయి. పరాయి చోట ప్రాణం పోతే శవపేటికను సొంతూరు చేర్చేదాకా భద్రపరచడం, చేర్చలేకపోతే అక్కడే ఆరడుగుల నేల చూడటం కూడా చాలాచోట్ల సంఘం బాధ్యతే. కాశీలో మనవాళ్ల సత్రాలు తెలిసినవాళ్లకు ఇందులో సగం కొత్త కాదు. మన కాకతీయుల కాలపు శాసనాల్లో కనిపించే నకరం, పెక్కండ్రు అనే వర్తక సంఘాలూ ఇలాంటి కట్టుబాట్లతో బతికినవే. అయితే మన నకరాలు గుళ్లకు ఇచ్చిన దానాల శాసనాలు మిగిలాయి గానీ వాళ్లు కూడి మాట్లాడుకున్న ఇల్లంటూ నేనెక్కడా చూడలేదు. ఇక్కడ ఆ ఇల్లు మిగిలింది. నేను ఇంత దూరం వచ్చింది అందుకే.

షాంఘై నుంచి వేగం రైల్లో మధ్యాహ్నానికి అన్హుయ్ రాష్ట్రంలోని బోజౌ చేరాం. మూలికల ఊరు ఇది. ప్రాచీన వైద్యుడు హువా తువో పుట్టింది ఇక్కడే, పద్దెనిమిది వందల ఏళ్ల కింద, చైనా మూడు రాజ్యాలుగా చీలిన కాలపు సేనాని ఛావ్ ఛావ్ పుట్టిందీ ఇక్కడే. పాత ఊరికి ఉత్తరాన, గ్వో నది దగ్గర, జనం హువాషీలౌ అని పిలుచుకునే భవనం ఉంది. మాటకు మాట చెప్తే పూల నాటకశాల. 1656లో షాన్షీ, షాఆన్షీ రాష్ట్రాల మందుల వర్తకులు ఇక్కడ గ్వాన్ యూకు, ఛావ్ ఛావ్ కాలపు యుద్ధవీరుడే తర్వాత దేవుడయ్యాడు, గుడి కట్టుకున్నారు. ఈ రెండు రాష్ట్రాల పేర్లు మన చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి, తేడా స్వరంలోనే. ఇరవై ఏళ్ల తర్వాత, 1676లో, వేదిక లేచింది.

గేటు ముందు రెండు ఇనుప ధ్వజస్తంభాలు. ఒక్కోటి 12,000 జిన్‌ల బరువంటారు, జిన్ అంటే సుమారు అర కిలో. బావ ఓ స్తంభానికి చెయ్యానించి పైకి చూశాడు. "దేవునికా, మందికా ఇది?" అన్నాడు. ఇద్దరికీ అనుకుంటాను. నదిలో పడవ మీద వచ్చే కొత్త మనిషికి, ఇక్కడ మావాళ్లున్నారు అని దూరం నుంచే చెప్పే గుర్తు.

వేదిక చుట్టూ దూలాల్లో మూడు రాజ్యాల కాలం నాటి కథలు చెక్కారు. గుర్రాలు, కోటలు, బారులు తీరిన సైన్యం అన్నీ జానెడు చెక్కలో ఉన్నాయి. రంగులు ఇంకా వెలిసిపోలేదు. ఛావ్ ఛావ్ సొంతూళ్లో, ఆయనను కాదని వెళ్లిపోయిన గ్వాన్ యూకు ఇంత వైభోగమేమిటని మొదట వింతగా అనిపించింది. గ్వాన్ యూది షాన్షీలోని షియెజౌ. అంటే ఈ వర్తకుల ఊరివాడే. ఛావ్ ఛావ్ ఎంత బంగారమిచ్చినా, అన్నగా భావించిన ల్యూ బేయ్‌కి ఇచ్చిన మాట కోసం అన్నీ వదిలి వెళ్లాడన్నది జనం మరిచిపోని కథ. అప్పు మీద, నోటిమాట మీద సరుకు కదిలే లోకంలో మాట తప్పనివాడే దేవుడయ్యాడు. యుద్ధవీరుడు వర్తకుల ఇలవేల్పు కావడంలోని తర్కం ఇదే.

సాయంత్రం మూలికల అంగళ్ల వైపు వెళ్లాం. చేమంతి పూలు, పియోనీ వేళ్లు గోనెల్లో కుప్పలు పోసి ఉన్నాయి. బావకు ప్రాణం లేచొచ్చింది. గోనెలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి, వాసన చూసి, తేమ ఎంతుందో వేలితో నొక్కి చూశాడు. అంగడామె నవ్వి ఊరుకుంది. ఆ చెయ్యి పెట్టే తీరులోనే ఈయన తమలాంటివాడని తెలిసినట్టుంది.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి, మళ్లీ పనికొస్తుంది. చైనాలో పాత జిన్‌కు పదహారు లియాంగ్‌లు. 1959లో దాన్ని పదికి మార్చారు. మందుల చీటీలకు మాత్రం పాత తూకాన్నే ఉంచి, 1979 నుంచి గ్రాముల్లోకి తెచ్చారు. మోతాదు పొరబడితే మనిషి ప్రాణానికి వస్తుంది కదా. మనకూ రూపాయికి పదహారణాలు 1957 దాకా ఉన్నాయి. అణాలు పోయి ఇన్నేళ్లయినా "పదహారణాల తెలుగు" అనే మాట పోలేదు. వాళ్లకూ అంతే. దొందూ దొందే అనడానికి "అర జిన్, ఎనిమిది లియాంగ్" అంటారు ఇప్పటికీ. పాత లెక్కలో రెండూ ఒకటే కనుక.

రెండో రోజు, కైఫెంగ్

కైఫెంగ్‌లో సగం పూటే ఉన్నాం. పసుపు నది ఎన్నిసార్లు ముంచినా మళ్లీ లేచిన ఊరు. కాలి కింద పాత నగరాలు పొరలు పొరలుగా ఉన్నాయంటారు. షూఫూ వీధిలో, ఒకప్పుడు మింగ్ రాజ్య సేనాని షూ దా వంశీకుల భవనం ఉన్న చోట, చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలంలో షాన్షీ, షాఆన్షీ వర్తకులు తమ హుయ్‌గ్వాన్ కట్టుకున్నారు. తర్వాత కాలంలో గాన్సూ వాళ్లూ కలిశారు. అందుకే పేరులో మూడు రాష్ట్రాలుంటాయి. సంఘం అంటే గీత గీసి మూసేసుకున్నది కాదనడానికి ఈ పేరే చాలు. దారి ఒకటే, సరుకు ఒకటే, కష్టం ఒకటే అయినప్పుడు గుమ్మం వెడల్పు చేసుకున్నారు.

ఇక్కడి ఇటుక, రాయి, చెక్క నగిషీలకు మంచి పేరుంది, దానికి తగ్గట్టే ఉన్నాయి. అయినా నేను చూడాలని వచ్చింది ఒక్కటే. గేటు దగ్గరి అడ్డుగోడ మీద, మంగళకరమైన బొమ్మల నడుమ, ఇటుకలో చెక్కిన పూసల లెక్కపలక. గుడిగోడ మీద లెక్కపలక! బావ దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. దీపావళికి కొత్త ఖాతా పుస్తకానికి పసుపు రాసి, లక్ష్మి ముందు పెట్టి దండం పెట్టుకునే మనిషికి అందులో తప్పేమీ కనిపించదు. చదువుకున్నవాళ్లను పైన, వర్తకుణ్ణి అట్టడుగున కూర్చోబెట్టిన సమాజంలో, మా పని కూడా పూజకు తగిందే అని ఇటుకలో రాసుకున్నారు వాళ్లు. ఫొటోలు తీసేవాళ్లంతా పసిడి పూతల దగ్గర గుమిగూడారు గానీ ఈ బొమ్మ దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

మూడో రోజు, ల్యావ్‌చెంగ్

జెంగ్‌జౌలో రైలు మారి షాన్‌దుంగ్ రాష్ట్రంలోని ల్యావ్‌చెంగ్ చేరేసరికి పది దాటింది. చలిగాలి. ఊరి నడుమ 1374 నాటి గ్వాంగ్‌యుయె బురుజు, చుట్టూ చెరువు. మేము నేరుగా కాలువ గట్టుకు వెళ్లాం.

ఇది మహా కాలువ. దక్షిణాది ధాన్యం బీజింగ్‌కు మోసిన దారి. 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పడమటి గట్టున, తూర్పుముఖంగా నీళ్లను చూస్తూ, 1743లో మొదలుపెట్టి కట్టిన షాన్షీ–షాఆన్షీ హుయ్‌గ్వాన్ ఉంది. గేటు, వెంటనే వేదిక, అటూ ఇటూ గంట గోపురం, భేరి గోపురం, ఎదురుగా గ్వాన్ యూ మందిరం. ఆవరణలో రాతి ఫలకాలు. ఎవరు ఎంత వెండి ఇచ్చారో, దేనికి ఎంత ఖర్చయిందో వరసగా రాసి ఉంది. చందా తీసుకుని లెక్క చెప్పడం కాదు, లెక్కను రాతిలో చెక్కి అందరి కళ్ల ముందు నిలబెట్టడం. బావ ఫలకం మీద అంకెల వరుసలు వేలితో వెంట తిప్పుతూ, "కమిటీ అంటే గిట్లుండాలె" అన్నాడు.

వేదిక వెనక నటులు ముస్తాబయ్యే చోటు. నాకు ఈ ప్రయాణం మొత్తంలో మనసు ఆగిపోయిన చోటు ఇదే. గోడల నిండా సిరాతో రాతలు. ఎక్కడెక్కడి నుంచో ఆడటానికి వచ్చిన బృందాలు తమ పేరు, ఏ రోజు ఏ ఆట ఆడారో, గోడ మీద రాసుకుని పోయాయి. అందులో అన్నిటికన్నా పాతది 1845 నాటిది. ఆ తర్వాత రాజరికం పోయి గణతంత్రం వచ్చిన కాలం దాకా రాతలున్నాయి. కొన్ని అందమైన అక్షరాలు, కొన్ని గబగబా గీకినవి.

చూస్తుంటే మన ఊళ్లలో చిందు భాగవతులు, సురభి వాళ్లు గుర్తొచ్చారు. ఎన్ని ఊళ్లలో ఎన్ని రాత్రులు ఆడి ఉంటారు! ఆ రాత్రుల్లో రాతకెక్కింది ఎంత? ఇక్కడ ఒక బృందం పేరు, ఒక ఆట పేరు, ఒక తేదీ గోడ మీద నిలిచిపోయాయి. అప్పట్లో ఇది గోడ పాడుచేయడమే అయ్యుంటుంది. ఏ పెద్దమనిషో సున్నం కొట్టించి ఉంటే అంతా పోయేది. కొట్టించలేదు. నాటకరంగ చరిత్ర రాసేవాళ్లకు ఈ గోడ ఇప్పుడు ఓ గ్రంథమంత విలువైనది. ముందున్న చెక్కడాలు డబ్బు పెట్టి చేయించినవి. డబ్బుంటే మళ్లీ అలాంటివి చేయించొచ్చు కూడా. ఈ రాతలు మాత్రం ఎవరూ చేయించినవి కావు, మళ్లీ ఎవరూ చేయించలేరు. వారసత్వమంటే ఏమిటని నన్నడిగితే ముందు ఈ గోడ చూపిస్తాను.

1855లో పసుపు నది దారి మార్చుకుని షాన్‌దుంగ్ మీదుగా సముద్రంలో కలవడం మొదలుపెట్టింది. పోతూ పోతూ ఇక్కడికి దగ్గర్లోనే మహా కాలువను అడ్డంగా కోసేసింది. కాలువ పూడిపోతూ వచ్చింది. 1901లో ధాన్యం పడవలకు రాజధాని స్వస్తి చెప్పింది. నీళ్ల మీద బతికిన ఊరికి నీళ్లే పోయాయి. అయినా ఆ తర్వాతి తేదీలు కూడా ఈ గోడ మీద ఉన్నాయంటే, సరుకు రాకున్నా ఆట వచ్చిందన్న మాట.

ఇప్పుడు గేటు ముందు కాలువలో నీళ్లున్నాయి. చూడటానికి బాగుంది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని రొట్టెలు తిన్నాం.

నాలుగో రోజు, లుయోయాంగ్

రోజులో ఎక్కువ భాగం రైల్లోనే గడిచింది. లుయోయాంగ్‌లో ఒకే ఊళ్లో షాన్షీ వాళ్లవి రెండు హుయ్‌గ్వాన్లున్నాయి. ఒకటి రెండు రాష్ట్రాల వాళ్లందరిదీ. రెండోది లూఆన్, జెజౌ అనే రెండు జిల్లాల వాళ్లే 1744లో కట్టుకున్న లూజె హుయ్‌గ్వాన్. సంఘంలో మళ్లీ సంఘం. బట్టల వ్యాపారంలో బలపడ్డాక వాళ్లు వేరు కుంపటి పెట్టుకున్నారు. ఇప్పుడది జానపద వస్తువుల మ్యూజియం. మేం వెళ్లేసరికి మూసే వేళ అయింది. మందిరం పైకప్పు మీద పెంకుల రంగు, ఆకాశంలో చివరి వెలుతురు చూసి వచ్చేశాం.

రాత్రి హోటల్ గదిలో బావ అడిగాడు: "అన్ని ఊళ్లల్ల వీళ్లేనా? ఈ షాన్షీ వాళ్లకు అంత పైసలెక్కడివి?" ఉప్పు నుంచి. 1370లో మింగ్ ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. ఉత్తర సరిహద్దులో మంగోలుల మీద కాపలా ఉన్న సైన్యానికి ధాన్యం మోసుకెళ్లి ఇచ్చినవాడికి ఉప్పు అమ్ముకునే పత్రం ఇస్తామంది. షాన్షీ సరిహద్దుకు దగ్గర, సొంతంగా ఉప్పు సరస్సు ఉంది, నేల మాత్రం ఇరుకు. అలా రోడ్డెక్కినవాళ్లు దేశమంతా పరుచుకున్నారు. 1823 నాటికి వాళ్లలోనే ఒకరు పింగ్యావ్‌లో హుండీలు నడిపే కొట్టు పెట్టారు. ఒక ఊళ్లో వెండి కట్టి, వెయ్యి మైళ్ల అవతల కాగితం చూపి తీసుకునే ఏర్పాటు. మన మార్వాడీల హుండీ లాంటిదే అన్నాను. "గిప్పుడు సమజైంది" అని లైటు ఆర్పాడు.

అయిదో రోజు, షెచీ

లుయోయాంగ్ నుంచి నాన్యాంగ్‌కు, అక్కడి నుంచి చిన్న బస్సులో షెచీకి. ఇరువైపులా గోధుమ నారు. బస్సులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఒక ముసలామె బావ చేతిలో నారింజపండు పెట్టింది.

షెచీ అంటే అప్పు జెండా. రెండువేల ఏళ్ల కింద ల్యూ షియూ అనే రాజకుమారుడు సైన్యం పోగేస్తూ ఇక్కడికొచ్చి, జెండా లేక, సారాకొట్టు ముందు వేలాడే గుడ్డను అప్పుగా తీసుకుని ఎగరేశాడట. ఆ తర్వాత చక్రవర్తి అయ్యాడు. పేరులోనే అప్పున్న ఊరు వ్యాపారానికి పుట్టిల్లు కావడం నాకు నచ్చింది.

ఈ ఊరి అదృష్టమంతా నది ఇచ్చింది. ఫూజియెన్ రాష్ట్రపు వూయీ కొండల టీ ఆకు హాంకౌ చేరి, హాన్ నది ఎక్కి, షియాంగ్‌యాంగ్ దాటి, తాంగ్ నదిలో ఇక్కడి దాకా పడవల్లో వచ్చేది. ఇక్కడితో పడవ దారి అయిపోతుంది. మూటలు దించి కంచరగాడిదల మీదకు, బండ్ల మీదకు ఎక్కించాలి. లుయోయాంగ్, పసుపు నది, షాన్షీ కొండలు, జాంగ్‌జియాకౌ, అక్కడ ఒంటెల మీద గోబీ ఎడారి, మంగోలియా దాటి క్యాఖ్తా. 1727 నాటి ఒడంబడికతో రష్యాకు, చైనాకు నడుమ సంతగా వెలిసిన ఊరది. అక్కడి నుంచి మాస్కో, పీటర్స్‌బర్గ్. సుమారు 13,000 కిలోమీటర్ల దారి. 2019లో చైనా దీన్ని ప్రపంచ వారసత్వపు ముందు జాబితాలో చేర్చింది.

మా ఇంట్లో చాయ్ అంటాం. గుంటూరు చుట్టాలు టీ అంటారు. చిన్నప్పుడు అది మా యాస, వాళ్ల యాస అనుకున్నాను. నేల దారిన పోయిన ఆకు "చా" పేరుతో పోయింది. పారసీకం గుండా ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మా నోట్లోకి వచ్చింది. ఫూజియెన్ రేవుల నుంచి ఓడెక్కిన ఆకు అక్కడి యాసలో "తె" అయి, డచ్చి వాళ్లతో యూరప్‌కు పోయి, ఇంగ్లీషుతో గుంటూరు చేరింది. ఒకే ఆకు, రెండు దారులు. రెండూ వచ్చి తెలుగులో కలిశాయి.

పింగాణీ వీధి చివర ఉంది షెచీ హుయ్‌గ్వాన్. ముందు రంగు పెంకుల అడ్డుగోడ, ఇనుప ధ్వజస్తంభాలు, ఆపైన షుయెన్‌జియెన్ లౌ. వేలాడదీసిన అద్దం అని ఆ వేదికకు పేరు. ఆటలో మన ముఖం మనం చూసుకోవాలని. మూడు అంతస్తుల చూరులు, దాదాపు 24 మీటర్ల ఎత్తు, మూలలన్నీ రెక్క విప్పిన పక్షిలా పైకి లేచి ఉన్నాయి. దాని ముందు విశాలమైన బండపరుపు ముంగిలి, ఆ చివర మందిరం. నటుడు దేవుడికి ఎదురుగా నిలబడి ఆడతాడు. జనం నడుమ కూర్చుంటారు. చూసే దేవుడు వీపు వెనకుంటాడు, ఆడే అబద్ధం ముందుంటుంది.

1756లో పని మొదలైంది. 1892లో ముగిసింది. 136 ఏళ్లు. మొదలుపెట్టినవాడి మునిమనవడు కూడా పూర్తవడం చూసి ఉండడు. డబ్బెలా వచ్చింది? ప్రతి దుకాణం అమ్మకంలో వెయ్యికి ఇంత అని తీసి పక్కన పెట్టేది. ఇది చెప్పగానే బావ "మా సంఘం కూడా బస్తాకింతని తీస్తది, గని గోడౌన్ కూడ కట్టలే" అని నిట్టూర్చాడు.

తర్వాత ఫలకాల దగ్గరికి వచ్చాం. ఫోన్ కెమెరా పెట్టి చదివించుకుంటూ, నేను ముందే చదువుకుని వచ్చినదానితో సరిచూసుకుంటూ, బావకు చెప్పాను. 1724 నాటి ఫలకం. ఈ మహా భవనం కన్నా ముప్పై రెండేళ్లు పెద్దది. రేవులో మొదట కొన్ని కొట్లే ఉండేవట. జనం పెరిగి కొట్లు ఇరవైకి పైగా అయ్యేసరికి కొందరు తరాజులు మార్చి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది పెట్టి లాభం గుంజుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు వర్తకులంతా గ్వాన్ యూ గుడిలో కూడి తీర్మానించుకున్నారు. జిన్ అంటే నిండా పదహారు లియాంగ్‌లే. ఈ తీర్మానం తర్వాత ఎవరైనా చాటుగా తరాజు మారిస్తే, జరిమానా మూడు ఆటలు. అప్పటికీ వినకపోతే తరాజుతో సహా అధికారి దగ్గరికి.

"మూడు ఆటలంటే?"

"నాటకాలు, బావా. తప్పు చేసినోడు తన ఖర్చుతో నాటకాలు ఆడించాలె."

బావ నోట మాట రాలేదు. కాసేపటికి మెల్లగా అన్నాడు: "పైసలు కట్టమంటే కట్టి మర్నాడు మళ్ల చేస్తడు. ఆట పెట్టిస్తే ఊరంత వస్తది. ఎందుకు పెట్టిండని అడుగుతది. మా ఊళ్ల కులపెద్దలు తప్పు కట్టిపిచ్చేది కూడ గిందుకే."

అంతే, ఆయన నా కన్నా ముందు అర్థం చేసుకున్నాడు. హుయ్‌గ్వాన్‌లో గుడికి ఎదురుగా వేదిక ఎందుకుందో నేను పుస్తకాల్లో చదివాను. వినోదం, దైవభక్తి, దర్పం అని రాసి ఉంది. అవన్నీ నిజమే. కానీ ఈ ఫలకం పక్కన నిలబడి చూస్తే ఆ వేదిక మరోలా కనిపించింది. నమ్మకం అనేది చాటుగా పెట్టెలో దాచుకునే వస్తువు కాదు, పదిమంది ముందు ఆడించి చూపించాల్సిందని వాళ్లకు తెలుసు. పోలీసు లేడు, కోర్టు దూరం, కొనేవాడు వెయ్యి మైళ్ల అవతలివాడు. వాడు మళ్లీ రావాలంటే తరాజు నిండుగా ఉండాలి. ఊరికి ఆ సంగతి తెలియాలి.

ఇంకో ఫలకం 1785 నాటిది, సరుకుల వర్తకుల కట్టుబాట్లు. కొట్టు ముందుకొచ్చి దారిన పోయే కొనుగోలుదారుణ్ణి అడ్డగించి లాక్కోరాదు, అతనికిష్టమైన చోటికి అతన్ని పోనివ్వాలి, తప్పితే 50 లియాంగ్‌ల వెండి. ఇది వినగానే బావ గట్టిగా నవ్వాడు. యార్డు గేటు దగ్గర రైతు ట్రాక్టరు ఆగకముందే చుట్టుముట్టే గుమాస్తాలు ఇద్దరికీ గుర్తొచ్చారు.

మన మోటుపల్లి కూడా గుర్తొచ్చింది. బాపట్ల తీరంలో వీరభద్రస్వామి గుడి దగ్గర 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. అంతకు ముందు రాజులు గాలివానకు తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. ఇకపై న్యాయమైన సుంకం తప్ప చిల్లిగవ్వ ముట్టనని ఆయన సముద్ర వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. అక్కడ మాట ఇచ్చింది రాజు. ఇక్కడ వర్తకులు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. తేడా అదొక్కటే, కానీ పెద్ద తేడా. మోటుపల్లి రాతిని చూడటానికి ఏడాదికి ఎంతమంది వెళ్తారో తలుచుకుంటే బాధేస్తుంది. ఇక్కడ ఫలకాలకు చూరుంది, వివరం రాసిన పలక ఉంది, బడిపిల్లల్ని వరుసగా తీసుకొస్తున్నారు.

ఆరో రోజు, మళ్లీ షెచీ

పొద్దున్నే మళ్లీ వెళ్లాం. ఈసారి మందిరం వెనక్కి. అక్కడ చున్‌చ్యూ లౌ అనే భవనం ఉండేది. గ్వాన్ యూ రాత్రిపూట దీపం పెట్టుకుని చరిత్ర గ్రంథం చదువుతుంటాడన్న ఊహతో కట్టింది. ఈ ఆవరణలో అన్నిటికన్నా గొప్పది అదేనంటారు. 1857లో నియెన్ తిరుగుబాటుదార్లు తగలబెట్టారు. ఇప్పుడు మిగిలింది దాని చోటు మాత్రమే. మళ్లీ కడితే బాగుండునని ఇలాంటి చోట్ల అందరికీ అనిపిస్తుంది. నాకు మాత్రం అలాగే ఉండనివ్వాలనిపించింది. కాలిపోయిన తర్వాత కూడా ఈ వర్తకులు పారిపోలేదు. మిగతా మందిరాలను మళ్లీ లేపడానికి ఇంకో తరం పాటు చందాలు పోగేశారు. ఆ ఖాళీ చోటు లేకపోతే ఆ సంగతి చూసేవాడికి తెలియదు.

తర్వాత నది వైపు నడిచాం. పాత వీధుల్లో కొన్ని కొట్లకు చెక్క పలకల తలుపులు ఇంకా ఉన్నాయి. సరుకుకు కాపలా పోయే యోధుల కచేరీని బాగుచేసి చూపిస్తున్నారు. ఒక పాత ఇంట్లో గోడకు కర్ర తరాజు వేలాడుతోంది. కర్ర మీద ఇత్తడి చుక్కలు. పదహారు చుక్కల్లో ఏడు ఉత్తరపు చుక్కలట, మన సప్తర్షి మండలం. ఆరు దక్షిణపు చుక్కలు. చివరి మూడూ అదృష్టం, సిరి, ఆయుష్షు. లియాంగ్ తగ్గించి తూచినవాడికి అదృష్టం పోతుంది, రెండు తగ్గిస్తే సిరి, మూడు తగ్గిస్తే ఆయువు. తూచే ప్రతిసారీ ఆకాశం మీద వేలు పెట్టినట్టే. బావ అడిగి మరీ దాన్ని చేతిలోకి తీసుకుని, తాడు పట్టి, గుండు అటూ ఇటూ జరిపి చూశాడు. కర్ర సమంగా నిలిచింది. ఆ ఇంటాయన తలూపాడు.

తాంగ్ నది ఇప్పుడు పెద్ద నదిలా లేదు. బీజింగ్–హాంకౌ రైలు దారి 1906లో పూర్తయింది. షెచీని తాకకుండా పక్క నుంచి పోయింది. అప్పటికే సూయజ్ కాలువ, సైబీరియా రైలు కలిసి ఒంటెల దారిని ఎండగట్టాయి. ఊరు పేదదైంది. పేదదైంది కాబట్టే పడగొట్టి కొత్తవి కట్టే డబ్బులేక ఇవన్నీ మిగిలాయేమో. కానీ 1988లో ఈ హుయ్‌గ్వాన్ దేశపు రక్షిత కట్టడాల జాబితాలోకి ఎక్కడానికి ముందు ఊరివాళ్లే దీన్ని కాచుకున్నారన్నది ఆ బండల మీద నడుస్తుంటే తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. హుయ్‌గ్వాన్‌ను వీధి నుంచి, వీధిని నది నుంచి విడదీసి కాపాడితే మిగిలేది అందమైన పెట్టె మాత్రమే. రేవులో మూట దిగితేనే వీధిలో తరాజు లేస్తుంది, తరాజు లేస్తేనే గుడిలో తీర్మానం, తీర్మానం తప్పితేనే వేదిక మీద ఆట. షెచీలో ఈ నాలుగూ ఒక గంట నడకలో ఇంకా దొరుకుతున్నాయి. మిగతా ఊళ్లలో ఏదో ఒకటి తెగిపోయింది. పాత వీధిని తీసేసి పాతదానిలా కనిపించే కొత్త వీధి కట్టే ఉబలాటం ఇక్కడికి రాకూడదని కోరుకుంటున్నాను.

చీకటి పడే వేళకు గేటు ముందు ఖాళీ స్థలంలో పదిపదిహేను మంది చేరారు. ఒకాయన రెండు తీగల వాయిద్యం, ఒకామె చిడతలు, ఒక చిన్న స్పీకరు. హెనాన్ నాటకం పాటలు. ఎర్ర కోటు వేసుకున్న ముసలామె పాడుతుంటే బండి మీద పోయేవాళ్లు కూడా ఆగి వింటున్నారు. ఆమె గొంతు వేదిక చూరు కింద దాకా పోయి తిరిగొస్తోంది.

పాట ఆగాక బావ నా ఫోన్ లాక్కుని, అందులో తెలుగులో మాట్లాడి ఆమె ముందు పెట్టాడు. ఈ ఆట ఎవరు పెట్టిస్తున్నారు, డబ్బులెవరిస్తారు? ఆమె చదివి, పక్కవాళ్లకు చదివి వినిపించి, ఏదో చెప్పింది. ఫోన్ దాన్ని తెలుగులోకి తిప్పి చెప్పింది: ఎవరూ ఇవ్వరు, రోజూ అన్నం తిని వచ్చి పాడుకుంటాం.

"అంటే ఎవ్వరు తప్పు చెయ్యలే అన్నట్టు" అన్నాడు బావ నాతో. ఆమె మాకోసం రెండు చిన్న పీటలు జరిపింది. ఎవరో కప్పుల్లో వేడి చాయ్ తెచ్చిచ్చారు, పాలు లేవు, చక్కెర లేదు. మూడో పాట అయ్యేదాకా కూర్చున్నాం.